ఫల్గుణ వీలునామా

ఆదివారం పని అరగంటలో తెమిలిపోతుందనుకున్నాడు ఫల్గుణ. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు, ఇద్దరు పెద్దల సంతకాలు. అంతే. ఆ తర్వాత జీపు తీసి అరకు స్టేషన్లో టూరిస్టులను ఎక్కించుకోవాలి.

ఇరవై ఆరేళ్లవాడికి వీలునామా ఏమిటంటే, కిందటివారం వానలో ఘాట్ రోడ్డు పైనుంచి దొర్లిన బండరాయి ఒకటి అతని జీపు బానెట్ మీద కూర్చుంది. బానెట్ సొట్టతో సరిపోయింది గానీ, ఇంకో మూర ఇటు పడితే అతని ఒళ్లోనే కూర్చునేది. ఆ క్షణాన అతనికి గుర్తొచ్చింది కనక పిన్ని. అమ్మానాన్నలు పోయాక పెళ్లి కూడా మానుకుని అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇల్లూ కాఫీతోటా అతని పేరునే ఉన్నాయి. అతను పోతే ఆస్తి నాదంటూ పాచిపెంట నుంచి బాబాయి దిగుతాడు. పిన్ని రోడ్డున పడుతుంది.

ఆస్తి ఎవరికి రాస్తే వాళ్లు సాక్షిగా ఉండకూడదని లాయరు చెప్పాడు. అందుకని ఫల్గుణ ముందురోజే ఊరిపెద్ద ధర్మను పక్కకి పిలిచాడు.

"తాతా, రేపు మంగ్లు మావని తీసుకుని బేగి రా. నా తర్వాత ఏది ఎవరిదో సెప్పాలి. పిన్నికి మాత్రం తెలీనీకు."

ఆ ఊళ్లో పెద్దలను పిలిచి పంపకాలు చెప్పేది మంచం పట్టి, ఇక లేవనని తేలిపోయినవాడే. ధర్మ తాత కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి వాకిట్లో ఇంటికొకటి చొప్పున ఎండుకర్రలు పడుతున్నాయి. పిన్ని పొయ్యి కోసమనుకుని ఫల్గుణ పొంగిపోయాడు.

"ఇన్నెందుకు తాతా?" అని ధర్మను అడిగాడు.

"వానాకాలం కదరా. అప్పటికప్పుడు ఎండుకర్ర ఎక్కడ దొరుకుద్ది? నువ్వు పొడుగు కూడాను."

పొడుగుకీ పొయ్యికీ ఏమిటి సంబంధమో అతనికి బోధపడలేదు. ఇంతలో ఊరి పూజారి మంగ్లు వచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

"ఆకలేత్తందేట్రా?"

"ఇప్పుడే మూడు గిన్నెల అంబలి తాగాను మావా."

"ఆఖర్లో అలాగే ఉంటది" అని మంగ్లు బరువుగా తలూపాడు.

అప్పుడే నీళ్ల బిందెతో వచ్చింది కనక. చితికి పోగేసినట్టున్న కర్రల గుట్ట చూసింది, మంగ్లు చేతిలో ఉన్న చెయ్యి చూసింది. బిందె జారిపోయింది.

"ఏటైంది నా గుంటడికి?"

"నువ్వు లోపలికెళ్లు పిన్నీ. ఇక్కడ నువ్వుండకూడదు."

ఆ మాటతో ఆమెకు మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. గంప ఎత్తి, పండగకి కూడా ఎవరినీ ముట్టుకోనివ్వని కోడిపుంజును పట్టుకొచ్చి మంగ్లు చేతిలో పెట్టింది.

"అమ్మోరికి సెప్పు మావా. ఆడికి బదులు నన్ను తీసుకోమను. ముందు దీన్ని తీసుకోమను."

మంగ్లు ఆలస్యం చేసే మనిషి కాడు.

"నాకే రోగమూ లేదు!" అని ఫల్గుణ అరిచేసరికి పుంజు విషయం ముగిసిపోయింది.

"మరి పంపకాలేట్రా?" అన్నాడు ధర్మ, కాస్త నిష్ఠూరంగా.

ఫల్గుణ కాగితం తీసి చదివాడు. ఇల్లు, తోట, జీపు, అన్నీ కనకకి. ఆమె తనను కనలేదు గానీ, తనకు తల్లి ఆమే.

కనక అతని వీపు మీద రెండు చరిచి, భోరున ఏడ్చింది. "నువ్వు లేపోతే నాకీ ఇల్లేటికిరా?"

"నాకోసం పిన్నీ. నీకో నీడుందనుకుంటే ఘాట్ మీద నా సేతులు వణకవు."

ధర్మ, మంగ్లు సంతకాలు పెట్టారు. కనక ముక్కు చీది, అతని పక్కన చతికిలబడింది.

"నాకూ ఒకటి రాయి. నా తర్వాత ఈ ఇల్లు మా ఫల్గుణకే."

"పిన్నీ, ఇల్లు ఇప్పుడూ నాదే."

"అయితే ఏటి? రాయి."

రాశాడు. ఆమె వెనకాల ధర్మ తాత, ఆయన వెనకాల కర్రలు తెచ్చినవాళ్లందరూ వరస కట్టారు. అరకులో టూరిస్టులు వేరే జీపు చూసుకున్నారు. మధ్యాహ్నానికి ఆ కర్రలే పొయ్యిలో పెట్టి కూర వండారు.

ఆ రోజు ఆ ఊళ్లో వీలునామా రాయకుండా పోయింది కోడిపుంజు ఒక్కటే.