ఇంగ్లండు హత్యలూ, మా మామిడికాయా

ఇంగ్లండులో ఒక ఊరుంది. గట్టిగా లెక్కేస్తే నలభై గడపలు. మేము చూడటం మొదలుపెట్టిన ఈ రెండు నెలల్లో అక్కడ ఇరవై ముగ్గురిని చంపారు. అయినా వారానికొక కొత్త కుటుంబం వచ్చి సామాను దించుకుంటూనే ఉంటుంది. ఇళ్ల అద్దె బాగా తక్కువ అయి ఉండాలి.

ఇదంతా టీవీ సీరియల్ సంగతి. తెలుగులోకి మార్చి రోజూ సాయంత్రం ఆరింటికి వేస్తారు. ముంచింగిపుట్టుకు పైన, కాఫీ తోటల మధ్య ఉన్న మా ఊళ్లో దాన్ని నలుగురం చూస్తాం. నేను, అంటే సోంబరును. మా ఆవిడ అచ్చియమ్మ. ఆవిడ తమ్ముడు మంగ్లు. పక్కింటి యర్రమ్మ.

మంగ్లుకు ఆ దేశపు చావులు నచ్చవు. "శవం నట్టింట్లో ఉన్నాది. డప్పు నేదు, ఏడుపు నేదు. పోలీసోడు టీ తాగతన్నాడు. ఆలు మనుసులేనా బావా?" అంటాడు.

యర్రమ్మకు ఆ పోలీసు మీదే జాలి. "పెళ్లాం వొగ్గేసినాది. కోటు తడిసిపోనాది. అన్నం ఎట్టేవోలు నేరు. ఆడు దొంగని ఎలాగ పడతాడు వొదినా?" అంటుంది. ఒకరోజు అతని కోసం గిన్నెడు రాగి అంబలి తెచ్చి టీవీ ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదని రెండు రోజులు చిన్నబుచ్చుకుంది.

అచ్చియమ్మది వేరే పద్ధతి. మొదటి ప్రకటన వచ్చేలోపు చీపురుతో తెర మీద ఒకణ్ణి చూపిస్తుంది. ముప్పావుగంట తరవాత పోలీసు వెళ్లి వాణ్ణే పట్టుకుంటాడు.

"నీకెలాగ తెలుసే?" అని ఒకసారి అడిగాను.

"అందరూ శవాన్ని సూత్తన్నారు. ఈడొక్కడే అందర్నీ సూత్తన్నాడు" అంది.

నేను మాత్రం ప్రతి కథలోనూ చర్చి ఫాదర్‌నే అనుమానిస్తాను. ఫాదర్ లేని కథల్లో కూడా.

ఇక నా నేరం సంగతి. మామిడి కొత్త పండగ అయ్యేదాకా మా ఊళ్లో ఎవరూ కొత్త కాయ నోట పెట్టకూడదు. పండగనాడు మొదటి కాయల గంప నెత్తిన పెట్టుకుని ఊరందరి ముందు నడిచే గౌరవం ఏడాదికొక ఇంటికి వస్తుంది. నలభై ఏళ్లు డప్పుల వెనక నడిచాక ఈసారి నా వంతు వచ్చింది. ముందే రుచి చూసినవాడు మాత్రం గంప ముట్టకూడదు. నేను తప్పితే వంతు మంగ్లుది, వాడు తప్పితే యర్రమ్మది. చెట్టు కింద కుర్చీ వేసి కాపలా పెట్టింది కూడా నన్నే.

పండగ రేపనగా మధ్యాహ్నం ఉప్పూకారం పొట్లం జేబులో వేసుకుని కాపలాకు వెళ్లాను. అది ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు.

తిన్నాను. ఒకటే.

ఇంగ్లండు హంతకులు చేసిన తప్పులన్నీ నాకు కంఠతా వచ్చు. కాబట్టి కత్తి మూడుసార్లు కడిగాను. టెంకను కాఫీ మొక్కల మధ్య మోకాలిలోతున పాతాను. తొక్కలు మేకకు పెట్టి, అది మింగేదాకా నిలబడ్డాను. తరవాత యర్రమ్మ అరుగు మీద కూర్చుని, ఆ వేళకు అక్కడే ఉన్నానని ఆవిడకు గుర్తుండేలా టైమెంతయిందని నాలుగుసార్లు అడిగాను. ఆవిడ ఇంట్లో గడియారం లేదు.

సాయంత్రం నలుగురం టీవీ ముందు చేరాం. అచ్చియమ్మ టీవీ పెట్టలేదు.

"సెట్టుకి కాయలు తగ్గినాయి" అంది. "ఆ పోలీసోడు ఆకర్న అందర్నీ ఒక గదిలో కూకోబెడతాడు గదా. మీరు ముందే కూకున్నారు. బాగున్నాది."

"కోతులేమో" అన్నాను.

"కోతి కత్తి కడగదు మావా. మన కత్తి పెళ్లినాటికన్నా మెరుత్తన్నాది."

తలా ఒక గిన్నెడు వేయించిన మొక్కజొన్న గింజలు చేతికిచ్చింది. "తినండి" అంది.

పుల్లటి కాయ తిన్నవాడి పళ్లు పులిసిపోతాయి. అన్నం మెతుకు తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. ఈ ప్రమాదం గురించి ఇంగ్లండువాళ్లు ఒక్క కథలోనూ హెచ్చరించలేదు. వాళ్లు మనుషులను చంపుతారుగానీ మామిడికాయ తినరు.

గింజ బుగ్గన పెట్టుకున్నాను. అచ్చియమ్మ ఎదురుగా కూర్చుని తన గిన్నెలోవి కరకరా నములుతోంది. ఆ చప్పుడుకే నా పళ్లు లాగేస్తున్నాయి.

"నానే తిన్నాను" అన్నాను. "ఒకటే."

"తెలుసు. తమ్ముడా, నువ్వేటి నమలవు?"

"నానబెడతన్నానప్పా" అన్నాడు మంగ్లు, బుగ్గ పట్టుకుని.

"యర్రమ్మా?"

"నాకు ఆకలి నేదు వొదినా" అంది యర్రమ్మ. ఆవిడ గిన్నెలో ఒక్క గింజ తగ్గలేదు.

ఇక గదిలో గంప ముట్టుకోగల మనిషి ఒక్కతే మిగిలింది. మర్నాడు అచ్చియమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరంతటి ముందు నడిచింది. వెనక డప్పులు, ఆ వెనక మేము ముగ్గురం, అందరికన్నా వెనక తొక్కలు తిన్న మేక. ఇంత నిష్ఠగల ఆడమనిషి ఈ కొండల్లో లేదని పూజారి పదిమందిలో మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడ గోలెం దగ్గర కూర్చుని పళ్లు తీసింది. పైవరస కడిగింది. కింది వరస కడిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. రెండేళ్ల కిందట పాడేరులో నేనే దగ్గరుండి కట్టించిన పళ్లు అవి. కట్టుడు పళ్లు గంపెడు మామిడికాయలు తిన్నా పులవవు.

"నువ్వెన్ని తిన్నావే?" అన్నాను.

పళ్లు తీరిగ్గా పెట్టుకుంది. "రెండు."

"ఎప్పుడు?"

"నువ్వు కాపలా కాసినప్పుడే."

"కొమ్మ అంతెత్తున ఉంటే ఎలాగ కోసావు?"

"నీ కుర్సీ ఎక్కి."

"నాను అందులోనే కూకున్నాను గదే."

"అవును" అంది. "గురక ఆపనేదు."