టోనింగ్ వేవిళ్ళు

కడుపుతో ఉన్న ఆడది నిద్రపోతున్న మొగుణ్ణి దాటితే, ఆవిడ వేవిళ్ళు కాస్తా ఆయనకి అంటుకుంటాయని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చర్చి ఫాదరు ఒక్కడే నమ్మననేవాడు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఆయన్ని దాటడానికి ఎవరున్నారు గనక!

టోనింగ్ కూడా లోలోపల నమ్మేవాడు కాదు, శనివారం పొద్దున అవసరం పడేదాకా.

ఆదివారం ఊరి పండగ. పండగంటే మేళం, కాల్చిన పంది, అన్నిటినీ మించి బాస్కెట్‌బాల్ ఫైనల్. టోనింగ్ ఆడే కింది వీధి జట్టు ఫైనల్‌కి రావడం అతని పెళ్ళయ్యాక ఇదే మొదలు. అతని పొట్ట అతనికంటే ఒక అడుగు ముందు పరిగెత్తేమాట నిజమే గానీ, బంతి చేతికందితే బుట్టలో పడాల్సిందే.

సరిగ్గా ముందురోజే పక్కింటి నుంచి అత్తగారు పాసింగ్ కేకేసింది. "అల్లుడూ! ఇంటి కప్పు మీద ఆకు కుళ్ళిపోయింది. చుట్టాలు దిగుతారు. నిచ్చెన వేసి ఉంచా, రా!"

పోయినసారి ఆ కప్పెక్కి దిగాక టోనింగ్ నడుం వారం రోజులు వంగలేదు. వంగాక లేవలేదు. ఆ నడుంతో ఫైనల్ ఏమాడతాడు?

లోపల వెల్లుల్లి అన్నం వేగుతోంది. టోనింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తి, అరటిచెట్టు కింద కూర్చుని, పేగులు తెగిపోతున్నట్టు చప్పుళ్ళు చేశాడు. పడుకున్న కుక్క లేచి మర్యాదగా అవతలికి జరిగింది.

భార్య మిందా పొయ్యి దగ్గర్నుంచి నడుం పట్టుకుని వచ్చింది. ఆవిడకి ఐదో నెల. గుండెల్లో మంట, నడుం నొప్పి, నిద్రలో పిక్కలు పట్టేయడం. "కాస్త కాలు రుద్దవయ్యా" అంటే "ప్రాక్టీసుకెళ్ళొచ్చి రుద్దుతా" అనేవాడు. వచ్చాక ఆవిడే అతని కాళ్ళు రుద్దేది.

"ఏమైందయ్యా?"

"ఏమో మిందా! తల తిరుగుతోంది. గుండెల్లో మంట. నువ్వుగానీ నన్ను దాటలేదు కదా?"

మిందా చేపలో ముల్లు వెతుకుతున్నట్టు అతని మొహంలోకి చూసింది.

"దాటే ఉంటానయ్యా. కడుపులో వాడు నా మూత్రసంచి మీదే కాపురం పెట్టాడాయె. తెల్లవారుజామున లేచినప్పుడు చూసుకోలేదు."

ఎంత మంచి పెళ్ళాం! టోనింగ్‌కి కళ్ళు చెమర్చాయి. అవి కూడా వేవిళ్ళ లెక్కలోనే పోయాయి.

పాసింగ్ పరుగున వచ్చింది. "అయ్యో అల్లుడూ! ఆడదానికొస్తే పనిచేసుకుంటూ భరిస్తుంది. మగాడికొస్తే మంచమెక్కాల్సిందే" అని చాప పరిచింది. "ఎడమ పక్కకి తిరుగు. కాళ్ళ కింద దిండు పెట్టు. అల్లం కషాయం తాగు. కడుపునిండా తినకూడదు, గుప్పెడు గుప్పెడు తినాలి."

మిగిలిన అన్నం, ఎండుచేప మిందా తింది. "ఇవాళేమిటోనమ్మా, గుండెల్లో మంటే లేదు" అంటూ ముల్లు కూడా చప్పరించింది.

ఒళ్ళు పట్టే సెలా అవ్వ వచ్చింది. టోనింగ్ పొట్ట మీద కొబ్బరినూనె పోసి, రెండు చేతులతో తడిమి చూసింది.

"ఐదో నెలన్నారు? ఏడు దాటిందే!"

తర్వాత పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. టోనింగ్ కషాయం మింగి ఓర్చుకున్నాడు. కప్పు తప్పింది కదా!

ఆదివారం భోజనాలయ్యాక గుర్రంలా లేచి, జెర్సీ తొడిగి, మెడలో తువ్వాలు వేసుకున్నాడు. పాసింగ్ గెద్దలా వచ్చి తువ్వాలు లాగేసింది.

"మెడకి తువ్వాలా! బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకోదూ?"

"బిడ్డ నా కడుపులో లేదత్తమ్మా!"

"వేవిళ్ళొచ్చిన దారిన మిగతావి రావని ఎవరు చెప్పారు? ఆ బిగుతు బట్టలు విప్పు. మా హేలియో వేసుకుంటాడు, మీ జట్టులో మనిషి తక్కువైపోయాడట."

బావమరిది హేలియో అప్పటికే చేతులు చాపి నిలబడున్నాడు. జెర్సీ వెళ్ళిపోయింది. కోర్టు ఎదురుగానే. కనీసం చూద్దామని టోనింగ్ వాకిట్లోకి నడిచాడు.

"గుమ్మంలో నిలబడకు! కాన్పు అడ్డం తిరుగుతుంది!"

"నాకు తగ్గిపోయిందత్తమ్మా! ఒట్టు!"

"ఊరికే తగ్గదు. దాటిన మనిషే మళ్ళీ వెనక్కి దాటాలి."

మిందా పచ్చిమామిడి ముక్కలు రొయ్యల ముద్దలో అద్దుకుంటూ వస్తోంది. టోనింగ్ ఆవిడ దారికడ్డంగా నేలమీద పడుకున్నాడు. ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళింది. దొర్లి మళ్ళీ అడ్డం పడ్డాడు. మళ్ళీ చుట్టూ తిరిగింది.

"ఒక్కసారి దాటవే!"

"నేనెందుకు దాటతాను? ప్రాణం హాయిగా ఉంది."

"నీ కాళ్ళు పట్టుకుంటా!"

"ముందు ఎడమది పట్టుకో. పిక్క లాగుతోంది."

బయట ఈల మోగింది. ఆట మొదలైంది. ఇక టోనింగ్ ఆగలేకపోయాడు. "అంతా నాటకమే! వేవిళ్ళు లేవు, పాడూ లేవు! కప్పెక్కమంటారని..."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పిండివంట సరిగ్గా పొంగినప్పుడు చూసుకున్నట్టు.

"నీ చాప ఎక్కడుంటుందయ్యా?" అంది మిందా.

"గోడ పక్కన."

"మరి నిన్ను దాటాలంటే నేను గోడలోంచి రావాలి కదా!"

టోనింగ్ గోడ వంక చూశాడు. గోడ కూడా అతని పక్షాన లేదు.

"మరి దాటానని ఎందుకన్నావే?"

"నా నొప్పులు నీకెలాగూ కనపడలేదు. నీ నొప్పులైతే కనపడతాయేమోనని."

టోనింగ్ ఆవిడ ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. మడమ పట్టుకుని వేళ్ళు పైకి వంచి, పిక్క మెల్లగా సాగదీశాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకి, ఆవిడ పాదం ఎంత ఉబ్బిందో చూశాడు. బయట జనం కేక పెట్టినప్పుడల్లా మెడ సాగింది గానీ, చెయ్యి ఆగలేదు.

హేలియో కప్పు ఎత్తుకుని లోపలికి వచ్చాడు. "గెలిచాం బావా! అంతా నీ జెర్సీ మహిమే!"

"ఆ కప్పు అలా పెట్టు. ఇంకో కప్పుంది, రేపు పొద్దున్నే ఎక్కాలి" అంది పాసింగ్ అల్లుడి వైపు చూస్తూ.

సోమవారం పొద్దున మిందా వెల్లుల్లి వేయించింది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టిన టోనింగ్‌కి ఆ వాసన ముక్కుకి తగిలింది. అరటిచెట్టు కిందకి పరిగెత్తాడు. ఈసారి చప్పుళ్ళు మాత్రమే కాదు.

"అత్తమ్మా, నిజం! ఈసారి నిజంగానే!"

"నీ వేషాలు నా దగ్గరా? ఎక్కు!"

టోనింగ్ మూతి తుడుచుకుంటూ తలుపులోంచి లోపలికి చూశాడు. రాత్రి గోడ పక్కన వేసుకున్న అతని చాప గది నట్టనడుమ పరిచి ఉంది.

దాని అవతల మిందా కాళ్ళు బార్లా చాపుకుని, రెండో ఎండుచేప తింటోంది.