డింగీ కోసం దేహశుద్ధి

తెరచాప పడవ నడపాలన్న కోరిక నాకు యాభై రెండో ఏట, తొంభై రెండు కిలోల దగ్గర పుట్టింది. రతన్‌పూర్ వైపు డ్యామ్‌లో కొత్తగా పడవల క్లబ్బు పెట్టారనీ, నెల తరవాత పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకుంటారనీ మా రైల్వే ఆఫీసులో రాంప్రసాద్ చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "నీలాంటివాళ్లకి కాదులే గురూ" అన్నాడు. సెక్షన్ మొత్తం చూస్తుండగా ఫారం నింపేశాను.

సాయంత్రం క్వార్టర్‌కి వచ్చి, మా ఆవిడ ప్రసూనతో గంభీరంగా అన్నాను.

"నాకు డింగీ."

"అయ్యో రామ! దోమతెర కట్టుకోండని మొత్తుకుంటే విన్నారా? ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయట?"

"డెంగీ కాదే, డింగీ! చిన్న తెరచాప పడవ."

"మీకు చాప తెలుసు గానీ, తెరచాపేటండీ?"

దిగమింగాను. అసలు పథకం ఇంకా చెప్పలేదు మరి. "దానికి ఒళ్లు సిద్ధం చెయ్యాలి. సెలవురోజు మధ్యాహ్నం రెండు గంటల నిద్ర. ఇంటిపని అస్సలు ముట్టుకోకూడదు, కండరాలు కలత చెందుతాయి. క్లబ్బులో కోచ్ చెప్పింది."

"అచ్ఛా" అంది.

మా ఆవిడ అచ్ఛా అన్న ప్రతిసారీ నాకేదో ఒకటి అయింది. ఫారం మీద నంబరు చూసి, కోచ్ జ్యోతిర్మయికి ఫోన్ చేసి, పెరట్లో పది నిమిషాలు మాట్లాడి వచ్చింది.

"ఆ అమ్మాయి ఇంకోలా చెప్పిందండీ. పిడికిలి గట్టిపడాలట."

నాలుగు తడి దుప్పట్లు పిండాను.

"నడుం బాగా వంగాలట."

మంచాల కింద తడిగుడ్డ పెట్టాను.

"తూలకుండా నిలబడ్డం రావాలట."

స్టూలెక్కి మూడు ఫ్యాన్లు తుడిచాను.

అన్నిటికన్నా ఘోరం వెనక్కి వాలడం. గాలికి పడవ ఒరిగితే పాదాలు పట్టీలో బిగించి, ఒళ్లంతా నీళ్లమీదికి వాల్చాలట. ఇంట్లో పట్టీ లేదు. ప్రసూన నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, నా పాదాలమీద తను కూర్చుని బీన్స్ తరిగేది. కిలో అయ్యేదాకా నేను మంచం బయట గాల్లో.

ఒకరోజు పక్క క్వార్టర్ అప్పలకొండ కిటికీలోంచి చూసి చెంబుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏటైనాది బాబూ? నీళ్లు పొయ్యమంతారా?"

"ఫిట్‌నెస్" అన్నాను, తలకిందులుగా.

నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గాను. పరీక్షరోజు ప్రసూన చూడ్డానికని వచ్చింది. అది ఇద్దరు నడిపే పడవ. నాకు జంటగా రావలసినవాడు గాలి చూసి భయపడి రాలేదు. జ్యోతిర్మయి మా ఆవిడకి ఒడ్డుమీద అరగంట నేర్పి, లైఫ్ జాకెట్ తొడిగి, చుక్కాని చేతికిచ్చింది. తను మోటారు పడవలో మా పక్కనే వచ్చింది.

నీళ్ల మధ్యకి వెళ్లగానే గాలి ఒక్క తోపు తోసింది. పడవ ఒరిగింది. దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా టైము లేదు, పాదాలు బిగించి వెనక్కి వాలిపోయాను. పడవ లేచి నిలబడింది!

"బఢియా అంకుల్! పాసయ్యారు!" అరిచింది జ్యోతిర్మయి. "కానీ ఫారంలో తొంభై రెండు కిలోలని రాశారు, ఇలా సన్నబడ్డారేంటి? గాలికి పడవ ఆగాలంటే బరువే కావాలి. ఆంటీకి ఫోన్‌లో చెప్పానే! రోజూ పావుగంట వెనక్కి వాలితే చాలు, ఇంకేం వద్దన్నాను."

నేను ప్రసూనకేసి చూశాను. ఆవిడ తెరచాపకేసి మహా శ్రద్ధగా చూస్తోంది.

"గాలి మళ్లీ వస్తోందండీ" అంది. "మాటలాపి వాలండి."

వాలాను.