బ్రిటన్‌లో మా వీధి ఓటు

రెండువేల అయిదు ఏప్రిల్ నెలలో బ్రిటిష్ పార్లమెంటు భవితవ్యం మూడు వారాలపాటు అమలాపురంలో, మా వీధి రీడింగ్ రూము బల్ల మీద ఉండింది! ఈ సంగతిని చరిత్రకారులు ఇంతవరకూ గుర్తించలేదు. వాళ్ళ పని వాళ్ళు సకాలంలో చెయ్యనందువల్ల రీడింగ్ రూము కార్యదర్శి హోదాలో నేనే రాయవలసి వస్తోంది.

నా పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్‌క్లర్కుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళపాటు ఏ ఫైలూ అటూ ఇటూ కదలకుండా చూసినవాణ్ణి కాబట్టి నిష్పక్షపాతం నాకు వృత్తిరీత్యా అబ్బింది.

మా రీడింగ్ రూములో "స్థానిక రాజకీయములు చర్చించరాదు" అని బోర్డు ఉంటుంది. మురిక్కాలవల గురించి మాట్లాడుకుంటే సభ్యుల స్థాయి పడిపోతుందని ఆ నిబంధన. అందుచేత విదేశాల ఎన్నికలన్నీ మేమే చూసుకునేవాళ్ళం. మా ఊరి ఎన్నికల్లో మాత్రం ఓటు వెయ్యం. క్యూలో నిలబడాలి. పైగా వేలికి సిరా అంటుతుంది.

బ్రిటన్ ఎన్నికలు ప్రకటించగానే రూము రెండుగా చీలింది. కన్జర్వేటివ్ పక్షానికి సుందరరావుగారు నాయకుడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. లేబర్ పక్షానికి కొబ్బరి వ్యాపారి ధర్మరాజుగారు.

"పార్టీ పేరులోనే లేబరుంది గదండీ! కూలీల పార్టీ. నేను పుట్టి బుద్ధెరిగేక కష్టజీవుల పక్షమేనండీ" అనేవారు ధర్మరాజుగారు. ఆ వారమే ఆయన కొట్లో కాయలొలిచే కూలీలు రేటు పెంచమన్నందుకు పది మందినీ మానిపించి ఆలమూరు నుంచి వేరే పది మందిని తెప్పించారు. వాళ్ళూ కష్టజీవులే కదా!

"బయటివాళ్ళు తెగ వచ్చి పడిపోతున్నారండీ ఆ దేశంలో. కన్జర్వేటివులు వస్తే గాని కట్టడి చెయ్యలేరు" అనేవారు సుందరరావుగారు.

"మీ తమ్ముడిగారబ్బాయి చదువుకోడానికి అక్కడికే వీసా పెట్టేడు గదండీ?"

"మావాడు బయటివాడెలా అవుతాడయ్యా? మావాడు!"

"కట్టడి" అని ఒకరూ "కష్టజీవులు" అని ఒకరూ బల్ల గుద్దుతుండేవారు. లేని ఆయుధాలున్నాయని అబద్ధం చెప్పి యుద్ధానికి వెళ్ళిన లేబర్ ప్రభుత్వానికి ఓటెలా వేస్తారని సుందరరావుగారు నిలదీస్తే, "ముందుగా చెప్పే వెళ్ళేరు గదండీ! కొందరు అదీ చెప్పరు" అని ధర్మరాజుగారు గట్టిగా జవాబిచ్చారు. ఇన్ని వాదాలు జరిగినా ఒక్క లోటు ఉండేది. మాలో ఎవరికీ అక్కడ ఓటు లేదు.

ఆ లోటును దానమ్మ తీర్చింది.

దానమ్మ ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. కాలవ అవతల పేటలో ఒక్కతీ ఉంటుంది. కూతురు ఏంజెల్ నర్సు, మూడేళ్ళ క్రితం ఇంగ్లండు వెళ్ళింది. ఇంగ్లీషు కాగితం ఏదైనా వస్తే దానమ్మ నా దగ్గరికి తెచ్చి, రీడింగ్ రూము గుమ్మం పక్కన నిలబడి చదివించుకుని వెళ్ళేది. ఆ రోజు పింఛను కాగితం చదివించుకుంటూ, గోడమీద మేము అంటించిన బ్రిటన్ పటం చూసి అంది:

"అక్కడ ఎన్నికలంట గదండీ. మా ఏంజెల్‌కి కూడా ఓటిచ్చేరంటండి."

రూములో పేపర్లన్నీ ఒక్కసారే కిందికి దిగాయి.

"ఆ దేశపు మనిషి కాకుండా ఓటెలా ఇస్తారే?" అన్నాను.

"ఇస్తారండీ!" అన్నారు సుందరరావుగారు లేచి నిలబడి. "కామన్వెల్తు దేశాలవాళ్ళు అక్కడ నివాసముంటే ఓటుంటుంది. అయ్యో, నిలబడిపోయేరేంటి దానమ్మగారూ, లోపలికొచ్చి కూర్చోండి!"

ధర్మరాజుగారు ఈలోపే ఫ్యాను కింద కుర్చీ ఖాళీ చేసి తువ్వాలుతో దులిపారు. అరవై రెండేళ్ళ దానమ్మ అరనిమిషంలో దానమ్మగారైంది. నేనూ ఆ పూట నుంచే "మీరు" అన్నాను. మొదట్లో కొంచెం ఇబ్బంది పడ్డాను గాని రెండు మూడుసార్లు అన్నాక అలవాటైపోయింది.

ఆమె కుర్చీ అంచున కూర్చుని, "నాకెందుకండీ ఇదంతా" అన్నట్టు మా ముగ్గురి మొహాలూ చూసింది.

మర్నాడు ప్రచారం ఆరంభమైంది. ఉదయం కన్జర్వేటివ్ పక్షం, సాయంత్రం లేబర్ పక్షం దానమ్మగారింటికి వెళ్ళాయి. నిష్పక్షపాతిని కాబట్టి రెండుసార్లూ నేనూ వెళ్ళాను. అమలాపురంలో పుట్టి అరవై ఏళ్ళుగా ఉంటున్న నేను కాలవ మీద బల్ల వంతెన దాటడం అదే మొదలు. రెండు గదుల పెంకుటిల్లు. అరుగు మీద ముగ్గు, లోపల గోడకి ఏంజెల్ నర్సు డ్రస్సులో ఉన్న ఫొటో.

పదిరోజులు అలా గడిచాక ఒకనాడు పొరపాటున రెండు పక్షాలూ ఒకే వేళకు చేరాయి.

"ఆదివారం అమ్మాయి ఫోను చేసినప్పుడు ఒక్క మాట చెప్పండి దానమ్మగారూ, కన్జర్వేటివ్ అని" అన్నారు సుందరరావుగారు.

"లేబర్ అనండి. పలకడానికి కూడా సులువు" అన్నారు ధర్మరాజుగారు.

"ఆయ్, చెప్తానండీ. అది పది నిమిషాలే మాట్లాడతదండి. అందులో సగం నా మోకాళ్ళ గురించే అడుగుద్ది" అంది దానమ్మ. "ఈ బల్ల మీంచి దాటలేకపోతన్నానండీ. వానలొస్తే దారంతా మోకాల్లోతు నీళ్ళు. ఆసుపత్రికి దగ్గర్లో ఇల్లు చూసుకోమ్మా, అద్దె నేను పంపుతానని దాని గోల. ఎవరినడిగినా ఖాళీ లేదంటన్నారండీ."

"మన వీధిలోనే చూద్దామండీ!" అన్నారు సుందరరావుగారు.

"మా వీధికి మీలాంటోళ్ళు రావాలండీ!" అన్నారు ధర్మరాజుగారు.

అని ఇద్దరూ నా వైపు తిరిగారు. మా మేడమీద వాటా నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. బ్రిటన్ ఎన్నికలు ప్రకటించిన నాటి నుంచి రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఏకైక అంశం అది.

"ఎన్నికలు అవనివ్వండి, అలాగే చేద్దాం" అన్నాను. ఆ మాట నా నోట అంత సునాయాసంగా ఎలా వచ్చిందో తెలియదు. ఎన్నికల గాలి అలాంటిది.

దానమ్మ రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నేను కూడా చాలా గొప్పవాణ్ణని అనుకున్నాను.

మే అయిదున పోలింగు జరిగింది. లేబర్ గెలిచింది. ధర్మరాజుగారు రీడింగ్ రూములో పూతరేకులు పంచారు. ఒలుపు కూలీలకు కూడా పంచారా అని సుందరరావుగారు అడిగితే, స్థానిక రాజకీయాలు చర్చించరాదని బోర్డు చూపించారు.

ఆ సోమవారం దానమ్మ వచ్చింది. అందరం ఒక్కసారే అడిగాం: "ఎవరికేసిందీ అమ్మాయి?"

"డ్యూటీ దిగి వస్తా వేసొచ్చిందంటండి. ఎవరికే అంటే, అది ఎవరికీ చెప్పకూడదమ్మా అందండి."

"తల్లికి కూడానా!" అన్నారు సుందరరావుగారు నొచ్చుకుని.

"అక్కడ ఎవరూ అడగరంటండి" అంది దానమ్మ. తరవాత నా వైపు తిరిగింది. "ఎన్నికలైపోయినయ్యి గదండీ. మేడమీదకి ఎప్పుడు రమ్మంటారు?"

ధర్మరాజుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సుందరరావుగారు కళ్ళద్దాలు తుడుచుకోసాగారు. "మా ఇంట్లో అమ్మగారితో మాట్లాడి చెప్తాన్లే, వెళ్ళు" అన్నాను. "మీరు" ఎక్కడో జారిపోయిన సంగతి అన్నాక గాని నాకే తెలియలేదు.

మా ఆవిడ సావిత్రితో మాట్లాడాను. అదే పొరపాటైంది.

"ఇచ్చేద్దామండీ!" అంది. "నా ఇద్దరు పిల్లల్నీ నాకంటే ముందు ఎత్తుకున్నది ఆవిడే. మెట్లెక్కలేకపోతే మనమే పైకి మారదాం."

సాయంత్రం రెండు పార్టీల నాయకులూ కలిసి మా ఇంటికి వచ్చారు.

"నాకు ఏ పట్టింపూ లేదండీ, మీకు తెలుసు" అన్నారు సుందరరావుగారు. "వీధిలో వాళ్ళు ఏమనుకుంటారోనని."

"నాకు మొదట్నుంచీ లేదండీ" అన్నారు ధర్మరాజుగారు. "కాని వీధి ఉంది గదా."

నాకూ ఏ పట్టింపూ లేదన్నాను. వీధిలో మిగిలినవి నాలుగిళ్ళు. వాళ్ళు ఏమనుకుంటున్నారో ఎవరమూ వెళ్ళి అడగలేదు. అనవసరంగా వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకు?

మర్నాడు దానమ్మ మా ఇంటి గుమ్మంలోకి రాగానే, "అయ్యో దానమ్మా, నిన్ననే అద్దెకిచ్చేశాను. మొగుడూ పెళ్ళాం. మాటిచ్చేశాను, ఏం చెయ్యను?" అన్నాను.

ఆమె మేడవైపు ఒకసారి చూసింది. మెట్ల పక్క గోడకి చెయ్యి ఆనించి మోకాలు రుద్దుకుంది.

"ఆయ్, పోనీలెండి. ఎవరికి రాసుంటే వాళ్ళకి" అని మెల్లగా వెళ్ళిపోయింది.

లోపల గిన్నెలు చప్పుడు చేశాయి. ఆ రోజు నుంచి నాకు కూర వేరే గిన్నెలో, మాట వేరే మనుషుల ద్వారా అందేవి.

చెప్పిన అబద్ధాన్ని పోషించడంలో ఎంత శ్రమ ఉందో ప్రభుత్వాలకు తెలుసు. నాకు అప్పుడే తెలిసింది. మేడమీద కిటికీలకు కర్టెన్లు కట్టాను. పొద్దున్నే నా పంచెలు రెండు పైన ఆరేశాను. సావిత్రిని ఒక చీర ఇమ్మంటే ఇవ్వలేదు. అద్దెకున్నావిడ చీరలు ఆరబెట్టదని వీధికి అనుమానం రాకుండా పాత దుప్పటి ఒకటి ఆరేశాను. రోజూ సాయంత్రం వెళ్ళి లైటు వేసి, ఏడున్నరకి ఆర్పి వచ్చేవాణ్ణి. వాళ్ళది పెందరాళే పడుకునే సంసారం!

జులైలో మునిసిపల్ ఎన్నికలకు ఓటర్ల జాబితా రాయడానికి ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. పేరు సుభాష్. దానమ్మ మేనల్లుడు.

"పైన ఎవరుంటన్నారండీ?" అన్నాడు పెన్ను తీసి.

ఎవరూ లేరంటే దానమ్మకి చేరుతుంది. ఉన్నారంటే పుస్తకానికి ఎక్కుతుంది. నేను గొంతు సవరించుకున్నాను.

"విజయకుమార్. ఆయన భార్య మాధురి."

"వయసండీ?"

"ముప్పై రెండు, ఇరవై ఎనిమిది."

"మాట్లాడొచ్చా అండీ ఒకసారి?"

"రాయవరంలో పెళ్ళికి వెళ్ళేరు."

"మరి ఇంటి ఓనరుగా మీరు సంతకం పెట్టెయ్యండి."

పెట్టాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత త్వరగా ఏ కాగితం మీదా పెట్టలేదు.

సెప్టెంబరులో మునిసిపల్ పోలింగు వచ్చింది. ఆనాడు రీడింగ్ రూములో మేమంతా జర్మనీ గురించి తలమునకలుగా ఉన్నాం. అక్కడ ఎన్నికలై వారం దాటుతున్నా ఏ పార్టీకీ మెజారిటీ లేదు. ఎవరు ఎవరితో కలవాలో తేల్చవలసిన బాధ్యత మా మీద పడింది. మధ్యాహ్నం మూడింటికి సావిత్రి రూము గుమ్మంలోకే వచ్చింది. నాలుగు నెలల తరవాత నాతో సూటిగా మాట్లాడింది.

"నేను పొద్దున్నే వేసొచ్చేను. మీరు వెళ్ళి వేస్తే సాయంత్రం నుంచి ఒకే గిన్నెలో వడ్డిస్తాను."

వెళ్ళాను. పోలింగ్ బూత్‌లో నా స్లిప్పు చూసిన గుమాస్తా జాబితా మీద వేలు పెట్టి, "మీ ఓటు పదింటికే పడిపోయిందండీ" అన్నాడు.

"అదెలా! నేను ఇప్పుడే వస్తుంటే!"

పక్కన కూర్చున్న పార్టీ ఏజెంటు చల్లగా నవ్వాడు. "మీ ఇంట్లోవాళ్ళందరూ వేసేసేరండి. మీ మేడమీద విజయకుమార్ గారూ, మాధురి గారూ కూడా. చాలా మర్యాదస్తులండీ, తొమ్మిదింటికల్లా వచ్చి వేసెళ్ళేరు."

ప్రజాస్వామ్యానికి జరిగిన అవమానానికి నాకు ఒళ్ళు మండింది. "నేను ఫిర్యాదు రాసిస్తాను!" అన్నాను.

"రాయండి" అన్నాడు ఏజెంటు కాగితం తోస్తూ. "మొత్తం ఇంటి నంబరు మీద రాయండి. పైవాళ్ళ సంగతి కూడా అందులోనే విచారిస్తారు."

కాగితం మీద ఇంటి నంబరు రాయబోయి ఆగాను. తరవాత ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే మెల్లగా తోశాను.

బయట చెట్టు నీడన దానమ్మ కూర్చుని ఉంది. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. నన్ను చూసి లేవబోయింది.

"ఓటేసేరాండీ?"

"ఆయ్, వేశాను" అని ఎడమ చెయ్యి లాల్చీ జేబులో పెట్టుకున్నాను.

"ఎర్రవంతెన దగ్గర ఇల్లు దొరికిందండీ. కింది వాటానే, మెట్లు లేవు. ఆదివారం ప్రార్థన పెట్టుకుంటన్నాం, సావిత్రమ్మగారు వస్తానన్నారు. మీరు కూడా రండి. మేడమీదోళ్ళని కూడా తీసుకురండి, నేనెప్పుడూ చూళ్ళేదు."

"వాళ్ళు ఊళ్ళో లేరు దానమ్మా."

"అదేంటండీ!" అంది దానమ్మ. "పొద్దున్నే ఓటేసెళ్ళేరంట గదా?"