అచ్చాయమ్మగారి పాస్‌వర్డు

"ఇక మీదట ఈ జిల్లాలో ఒక్క రహస్యం కూడా బయటికి పొక్కదు!" అని సాంకేతిక విద్యా మంత్రి చంద్రరావుగారు మైకులో ప్రకటించగానే షామియానా చప్పట్లతో మారుమోగిపోయింది. పాలకొల్లు దాటాక వరిచేల మధ్య వెలసిన ఇంజనీరింగు కాలేజీలో ఆరోజే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఎం.టెక్. కోర్సు మొదలవుతోంది. రైసుమిల్లుల లాభాలతో కాలేజీ కట్టిన కరస్పాండెంటు నాగేశ్వరప్రసాద్‌గారు, మంత్రిగారు దగ్గినా చప్పట్లు కొడుతున్నారు.

స్టేజీ మీద ఓ మూల, సర్వరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఉదయ్‌భాస్కర్. ఆ కోర్సుకంతటికీ అతనొక్కడే లెక్చరరు, అదీ టెంపరరీ. పర్మనెంటు చేస్తానని కరస్పాండెంటుగారు మాటిచ్చారు. మాట ఇవ్వడంలో ఆయనకెప్పుడూ విసుగు లేదు. ఏటా ఇస్తారు.

రిబ్బను కత్తిరించడం పాతబడిపోయింది గనక, సర్వరుకి పాస్‌వర్డు మంత్రిగారే స్వహస్తాలతో పెట్టాలని నిర్ణయమైంది. దుర్ముహూర్తం దాటేదాకా ఆగి, ఆయన ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ నొక్కారు. తెర మీద నల్లచుక్కలు పడ్డాయి.

"చుక్కలేంటండీ మాస్టారూ?"

"పాస్‌వర్డు ఎవరికీ కనబడకూడదండి."

"నేను చేసిన పని జనానికి కనబడకపోతే ఎలాగండీ? రేప్పొద్దున్న ప్రతిపక్షంవాళ్లు నేనేం కొట్టలేదంటారు. మా ప్రభుత్వంలో దాపరికం లేదు!" అంటూ మంత్రిగారు మైకు అందుకుని, "మా అమ్మగారు అచ్చాయమ్మగారి పేరు పెట్టానండీ" అని గద్గదస్వరంతో చెప్పారు. విలేకరులు రాసుకున్నారు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు.

వారం తిరక్కుండా ల్యాబు గుమ్మం పక్కన నల్లరాతి మీద బంగారు అక్షరాలు వెలిశాయి: "ఈ సర్వరునకు గౌరవనీయ మంత్రివర్యులు తమ అమృతహస్తములతో 'అచ్చాయమ్మ' అను పాస్‌వర్డు పెట్టిరి." రాష్ట్రంలో అంత గట్టి పాస్‌వర్డు మరొకటి లేదు. దాన్ని ఉలితో చెక్కారు.

పాస్‌వర్డు కన్నతల్లికి కూడా చెప్పకూడదని ఉదయ్‌భాస్కర్ తొలి పాఠం చెప్పాడు. పిల్లలంతా గుమ్మం వైపు చూశారు. అతను రెండో పాఠంలోకి వెళ్లిపోయాడు.

కాలేజీ మార్కులన్నీ ఆ సర్వరులోనే ఉంటాయి. సెమిస్టరు ముగిసేసరికి విద్యాప్రమాణాలు ఊహకందనంత పెరిగాయి. పుస్తకం తెరవనివాళ్లకి కూడా మార్కులు తొంభై దాటాయి. ఒకబ్బాయికి నూటికి నూట నాలుగు వచ్చాయి. కరస్పాండెంటుగారు పొంగిపోయి అతని ఫొటోతో పాలకొల్లు బస్టాండులో ఫ్లెక్సీ కట్టించారు.

ఉదయ్‌భాస్కర్ ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లాడు.

"పాస్‌వర్డు మార్చాలండి."

"మంత్రిగారి అమ్మగారిని మార్చేస్తారా? మీకు పర్మనెంటు కావాలా, వద్దా?"

"కావాలండి."

"అయితే ఆవిణ్ణి కదపకండి."

"ఆయ్, అలాగేనండి."

ఏడాది తిరిగింది. వార్షికోత్సవానికి మంత్రిగారు మళ్లీ దయచేశారు. సర్వరు మళ్లీ ల్యాబులోంచి స్టేజీ ఎక్కింది. ఈసారి టీవీవాళ్లు కూడా వచ్చారు. ఆయన కళ్లు మూసుకుని, తల్లిని తలుచుకుని, పాస్‌వర్డు కొట్టారు. తప్పు అంది సర్వరు. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పే.

"అంటే మా అమ్మ పేరు నాకు తెలీదంటుందా ఇది?" మంత్రిగారి ముఖం కందగడ్డయింది. కరస్పాండెంటుగారు ఉదయ్‌భాస్కర్ వైపు చూసిన చూపులో పర్మనెంటు అనే మాట ఎక్కడా లేదు.

అప్పుడు విద్యార్థుల్లోంచి లక్ష్మీప్రసన్న లేచి నిలబడింది. పెనుగొండలో బట్టలకొట్టువారి అమ్మాయి.

"నిన్న సాయంత్రం నేనే మార్చానండి. మార్కులు ఎవరుబడితే వాళ్లు దిద్దేస్తున్నారండి."

"కొత్తదేంటమ్మా?" అన్నారు మంత్రిగారు ఎంతో ఓర్పుగా.

"చెప్పకూడదండి."

"ఎవరన్నారు?"

"మా మాస్టారండి."

అందరూ ఉదయ్‌భాస్కర్ వైపు తిరిగారు. ఒక్క క్షణం అతనికి కడుపు నిండిపోయింది. ఏడాదిగా చెప్పిన పాఠం ఒక్కరికైనా ఎక్కింది! ఆ క్షణం గడిచాక, "నేనలా అనలేదండి" అన్నాడు.

లక్ష్మీప్రసన్న అతన్నే చూస్తూ కూర్చుంది.

అతను సర్వరు ముందు వంగి, వచ్చిన విద్యంతా ఉపయోగించి, అసలు పాస్‌వర్డన్నదే లేకుండా తీసేశాడు. మంత్రిగారు ఒక మీట నొక్కగానే సర్వరు తెరుచుకుంది. "చూశారా! లేని తాళాన్ని ఏ దొంగా పగలగొట్టలేడు" అన్నారాయన. షామియానా మళ్లీ చప్పట్లతో మారుమోగింది.

సాయంత్రం కరస్పాండెంటుగారు స్వయంగా పిలిచి పర్మనెంటు ఆర్డరు చేతిలో పెట్టారు.

"ఆ అమ్మాయి ప్రాక్టికల్స్ మార్కు కూడా ఈపూటే వేసేయండి మాస్టారూ. సున్నా అని నేననకూడదు. మీరు చదువుకున్నవారు."

"అలాగేనండి."

ఉదయ్‌భాస్కర్ ఆర్డరు మడిచి జేబులో పెట్టుకుని ల్యాబుకి వెళ్లాడు. నల్లరాయి దాటి లోపలికెళ్లి, కుర్చీ లాక్కుని, సర్వరు తెరిచాడు.

అది అతన్నేమీ అడగలేదు.