పిల్లది విడిగా వెయ్యాలి

ఆ శనివారం పొద్దున కోటేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భోజనాల వేళకి గ్రీన్‌కార్డు కాగితాలు పూర్తి చేసి, సాయంత్రం భార్యనీ పిల్లనీ అద్దంకి బజారుకి తీసుకెళ్ళి చెరుకురసం తాగించాలి.

మూడేళ్ళ క్రితం అతను మాధురిని చేసుకున్నాడు. ఆమెకది రెండో పెళ్ళి. మొదటి భర్త పోయేనాటికి కూతురు తేజశ్రీకి నాలుగేళ్ళు. కోటేష్‌ది అమెరికా పౌరసత్వం కాబట్టి తల్లీకూతుళ్ళకి కార్డులొచ్చాయి. కానీ కొత్త పెళ్ళి కదా, రెండేళ్ళ గడువుతో, షరతు మీద ఇచ్చారు. పెళ్ళి నిజమైనదేనని రుజువులు చూపించి, భార్యాభర్తలు కలిసి అర్జీ పెట్టుకుంటే ఆ షరతు తీసేస్తారు. ఆ పని ముగిద్దామనే, మాధురి పిన్ని కోటిరత్నం ఇంటికి సెలవు మీద వచ్చినా కాగితాలు వెంట తెచ్చుకున్నాడు.

మిద్దె మీద నిలబడి అమెరికాలోని లాయరుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ముగ్గురం కలిసి వేస్తే కుదరదాండీ? ఓహో, పిల్ల కార్డు నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చిందనా? సరే, మేమిద్దరం సంతకాలు పెట్టేశాం. పిల్లది విడిగా వేస్తాను. ఈ షరతులు పోతే మాధురి హాయిగా ఉంటుంది."

పక్క షెడ్డులో దూది ఏకి పరుపులు కుట్టే బుడే, ఇంట్లోని డబుల్ కాట్ పరుపు మళ్ళీ కుట్టడానికి భుజాన వేసుకుని అప్పుడే మెట్లు దిగుతున్నాడు. చివరి మూడు వాక్యాలే అతని చెవిన పడ్డాయి. అతనిది మెత్తటి మనసు. పరుపు అక్కడే దించి, వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళాడు.

"రత్నమ్మగారూ, నేను చెప్పానని అనకండి. అల్లుడుగారూ అమ్మాయీ విడిపోడానికి సంతకాలు పెట్టేసుకున్నారంట."

కోటిరత్నం గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి నడిచింది.

మాధురి హాల్లో ఉయ్యాల మీద వాలి ఉంది. బుడే షెడ్డులోంచి దూది పింజలు కిటికీ దాటి వచ్చి, ఎండ పడినచోట కాసేపు ఆగి, ఎటు పోవాలో తోచనట్టు తేలుతున్నాయి. వాటిని చూస్తుంటే ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. వచ్చి నాలుగు రోజులైనా ఒంటికి ఇంకా అమెరికా రాత్రే నడుస్తోంది.

"సంతకం పెట్టావంటగా? నీకిష్టమేనటే?" అంది కోటిరత్నం.

"ఊఁ. రెండేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నాం పిన్నీ."

"అతనేమంటాడు?"

"కాగితాలన్నీ తనే నింపాడు. పాపం, రుజువులూ తనే పోగేశాడు."

"రుజువులా! ఏం రుజువులే?"

"ఫొటోలూ..." అంటూనే మాధురి పింజలతోపాటు ఎటో తేలిపోయింది.

కోటిరత్నం మిరప కల్లంలో ఉన్న భర్త అంకమ్మరావుకి ఫోన్ చేసింది. ఆయన ఉన్నపళాన బండెక్కి వచ్చాడు. తల మీదా చొక్కా మీదా ఉన్న మిరప దుమ్ముతోనే ఇంట్లోకి అడుగుపెట్టాడు. రెండు నిమిషాల్లో ఇంటిల్లిపాదికీ తుమ్ములు. కోటేష్ కళ్ళు ధారలు కట్టాయి.

"చూశారా, లోపల ఎంత బాధుందో," అన్నాడు బుడే, తన కళ్ళూ తుడుచుకుంటూ.

అంకమ్మరావు బల్ల మీది కాగితాలు లాక్కుని పైన ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. "తొలగించవలసిందిగా అర్జీ! ఎవర్నయ్యా తొలగించేది?"

"షరతులండీ మావయ్యగారూ, షరతులు."

"షరతులు పెట్టుకుని కాపురం చేస్తున్నారా మీరు?"

"అయ్యో! ఇద్దరం కలిసే వేస్తున్నామండీ."

"ఇష్టపడి విడిపోయేవాళ్ళు కలిసే వేస్తారు. టీవీలో చూశాన్లే. మరి పిల్ల సంగతేంటి?"

కోటేష్ నిజాయితీపరుడు. "పిల్లది విడిగా వెయ్యాలండీ," అన్నాడు.

"విన్నావటే! పిల్లని విడిగా వేస్తాడంట!"

ఆ కేకకి మాధురికి మెలకువ వచ్చింది. ఏం జరిగిందో ఆమెకీ, ఏం జరగలేదో వాళ్ళకీ తెలిసేసరికి పావుగంట పట్టింది. అప్పుడు చూస్తే తేజశ్రీ ఇంట్లో లేదు.

మిద్దె మీద లేదు, వీధిలో లేదు. మాధురి చెప్పుల్లేకుండా కల్లం దారిన పరిగెత్తింది. కోటేష్ షెడ్డులోకి తొంగిచూశాడు. అల్లుడూ అమ్మాయీ ఇక చెరో మంచమని ఖాయం చేసుకున్న బుడే, రెండు సింగిల్ పరుపులకి గుడ్డ కత్తిరించి పెట్టాడు. వాటి వెనక, ఏకిన దూది గుట్టలో రెండు పాదాలు కనిపించాయి.

పిల్ల నిద్రపోవడం లేదు. గాల్లో పింజల్ని చూస్తోంది. కోటేష్ పక్కనే దూదిలో కూలబడి మాధురికి ఫోన్ చేసి, దొరికిందని చెప్పాడు.

"అంకుల్, మీరూ అమ్మా కలిసి వేస్తారు. నాది విడిగా. అంతేగా?" అంది తేజశ్రీ. మూడేళ్ళుగా అతన్ని అలాగే పిలుస్తోంది.

కోటేష్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "నీది వెయ్యడానికి ఇంకా నాలుగు నెలలుంది. అయినా ముందు నీదే నింపాను. చదువు."

పిల్ల వేలు పెట్టి చదివింది. తన పేరు. కింద కోటేష్ పేరు. 'ఎవరితో కలిసి వేస్తున్నారు' అన్నచోట, 'మా అమ్మ భర్తతో' అన్న గడిలో టిక్కు.

"విడిగా అంటే అమ్మ నుంచి విడిగా. వేసేది మాత్రం నువ్వూ నేనూ కలిసే," అన్నాడు.

తేజశ్రీ లేచి కూర్చుంది. "అయితే ఈ అర్జీ అమ్మది కాదా?"

"కాదు. మనిద్దరిదే."

"కావాలన్నా అమ్మని కలుపుకోలేమా?"

"కుదరదంట."

"పోన్లెండి," అంది తేజశ్రీ, బోలెడంత తృప్తిగా. తర్వాత మళ్ళీ కాగితంలోకి చూసి, "నా పుట్టినరోజు తప్పు రాశారు. ఎనిమిది కాదు, పద్దెనిమిది," అంది. రొప్పుతూ గుమ్మంలోకి వచ్చిన మాధురికి జుట్టు నిండా దూదితో నవ్వుతున్న ఇద్దరు కనిపించారు. ఎందుకు నవ్వుతున్నారని ఎన్నిసార్లడిగినా ఇద్దరూ చెప్పలేదు.

సోమవారం మాధురి అర్జీ కవరు సిద్ధమైంది. ఈ పెళ్ళికి తానూ సాక్షినేనంటూ అంకమ్మరావు పట్టుబట్టి ఒక పేజీ రాసిచ్చాడు. 'విడిపోబోతున్న ఈ దంపతులను నేనే అడ్డుపడి కలిపితిని' అని మొదలయ్యే ఆ పేజీని మాత్రం కోటేష్ కవర్లో పెట్టలేదు.