అంచుల దాకా నిండిన పీపా

"మన ఇంటిపేరు పెద్దగా ఉండాలి. ద్రాక్ష పేరు కింద ఎక్కడో చిన్నగా వేస్తే చాలదూ?" అంటూ ఎల్వీరా వైను సీసాల లేబుల్ బొమ్మను మళ్ళీ పక్కకు నెట్టింది.

"ఆ పేరు కోసమే కదా అత్తయ్యా ఇన్నేళ్ళు పాటుపడ్డాను!" అంది ఒర్నెల్లా, దాన్ని మళ్ళీ ముందుకు లాగి.

"నా తోట మెర్లో ద్రాక్ష వైను ముందు నీ రెఫోస్కో ద్రాక్ష ఎంత! రోజూ భోజనాల దగ్గర అందరూ లొట్టలు వేసేది దేనికి?"

ఆ ఉదయం ఒర్నెల్లా కాళ్ళు నేల మీద లేవు. ఇన్నాళ్ళూ ఉత్త ఎర్ర వైనుగా అమ్ముకున్నది ఇక ద్రాక్ష పేరుతో సీసాలకెక్కబోతోంది. పరీక్షకు నమూనా తీసుకోవడానికి కాసేపట్లో అధికారి వస్తాడు. నూటికి ఎనభై అయిదు పాళ్ళు ఆ ద్రాక్షే ఉంటే తప్ప ఆ పేరు వేయకూడదు. తనది నూటికి నూరుపాళ్ళని ఆమె కొండ చుట్టుపక్కల అందరికీ చెప్పేసింది.

నేలమాళిగలోకి వెళ్ళి ఒక్కగానొక్క పీపా మూత తీసింది. అంచుల దాకా నిండుగా ఉంది. మురిసిపోబోయి ఆగింది. ఆదివారం చుట్టాల కోసం రెండు కూజాలు తీసింది తనే. తిరిగి నింపనిదీ తనే.

"ఎర్మెస్!"

భర్త పరుగెత్తుకొచ్చాడు. "నేనే పోశానే. ఖాళీ ఉంటే గాలి తగిలి పులిసిపోదూ?"

"దేనితో పోశావు?"

"అమ్మ జాడీల్లో మెర్లోతో. ఆదివారం ఒక్కటే కాదులే... చలికాలమంతా నేను తీసుకున్నప్పుడల్లా పోస్తూనే ఉన్నా."

"నేనూ అంతే వదినా," అన్నాడు మెట్ల మీద నుంచి మరిది దుయీలియో. "పేకాటకి పట్టుకెళ్ళినప్పుడల్లా నిజాయితీగా నింపేశా. జాడీలు మూడూ ఖాళీ."

ఒర్నెల్లా పీపా మూత దబ్బున వేసేసింది. "ఇంకెక్కడి ఎనభై అయిదు!"

"పోనీ, మెర్లో అని వేసేద్దాం," అన్నాడు ఎర్మెస్.

"దానికీ ఎనభై అయిదు కావాలయ్యా మహానుభావా!"

మలుపులో కారు హారన్ మోగింది. ఒర్నెల్లా వంటింట్లోకి దూసుకెళ్ళి లేబుల్ బొమ్మ అందుకుంది. "అధికారికి నేనే చెప్పేస్తాను. పీపాలో మీ మెర్లో కలిసిపోయింది అత్తయ్యా, ఏ పేరూ వద్దు," అంటూ పొయ్యి తలుపు తెరిచింది.

ఎల్వీరా ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాల్చకు. ఆ జాడీల్లో ఉండిందీ నీ రెఫోస్కోనే."

ఒర్నెల్లా పొయ్యి తలుపు మూసి అత్తగారి వైపు తిరిగింది.

"పోయిన కోతలకి మిమ్మల్నెవర్నైనా నా తోటలోకి రానిచ్చానా? కోయడానికేముంది, అంతా పిట్టలపాలు! పరువు పోతుందని నీ వైను పీపాకెక్కక ముందే కాస్త జాడీల్లోకి వంపుకున్నా."

"అయితే అమ్మా, చలికాలమంతా మెర్లో మెర్లో అంటూ మేం పొగిడింది..."

"నువ్వు నోరు ముయ్యి, దుయీలియో."

తలుపు చప్పుడైంది. ఎల్వీరా ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెల్లగా అంది: "రెఫోస్కో అని పెద్ద అక్షరాల్లోనే వేయించండి. ఇంటిపేరు కింద చాలు."

జాడీలు మూడూ ఖాళీ, పీపా జోలికి వెళ్ళడానికి వీల్లేదు. ఆ పూట భోజనంలో అందరూ మంచినీళ్ళే తాగారు.